క్లోజింగ్ అయ్యాక చూద్దాం

మన బ్యాంకు కుటుంబాలన్నింటికీ బాగా పరిచయమైన మాట ఒకటుంది. "క్లోజింగ్ అయ్యాక చూద్దాం." బాత్రూములో కుళాయి కారుతోందన్నా, అటక సర్దాలన్నా, పిల్లల పాత పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేద్దామన్నా, పొద్దున్నే నడక మొదలుపెట్టమన్నా మన నోట వచ్చే జవాబు అదే. మార్చి క్లోజింగ్ అయిపోతుంది. ఏప్రిల్‌లో ఆడిట్, ఆ వెంటనే బదిలీలు. జూన్ క్వార్టర్. సెప్టెంబరు అర్ధ సంవత్సరం. దసరా, దీపావళి. డిసెంబరు. మళ్లీ మార్చి. కుళాయి మాత్రం కారుతూనే ఉంటుంది.

నేను మేనేజ్‌మెంట్ చదువుకుని బ్యాంకులో చేరినవాణ్ని. మాస్లో, హెర్జ్‌బర్గ్, వ్రూమ్ సిద్ధాంతాలు పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కొత్తగా చేరిన ఆఫీసర్లకు ‘మోటివేషన్’ మీద రెండు మూడుసార్లు క్లాసు కూడా తీసుకున్నాను. అలాంటి నేను మా ఇంట్లో ఒక అట్టపెట్టెను ఏడేళ్లపాటు విప్పలేకపోయాను. ఎందుకు విప్పలేకపోయానో, చివరికి ఎలా విప్పానో, ఆ ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించామో మీతో చెప్పుకుందామనే ఈ వ్యాసం.

మూడు బదిలీలు చూసిన పెట్టె

2018లో మాకు రాజమండ్రి నుంచి బెంగళూరుకు బదిలీ అయింది. ప్యాకర్లు వచ్చే రోజు ఉదయం ఇల్లంతా ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎక్కడ పెట్టాలో తోచనివన్నీ ఒక పెట్టెలో వేసి, తాడు కట్టి, పైన మార్కరుతో ‘తర్వాత’ అని రాశాం. అంతకు ముందు ఏడాది కాలం చేసిన మా నాన్నగారి కాగితాలు కూడా అందులోనే ఉన్నాయి. బెంగళూరులో ఆ పెట్టె మంచం కింద ఉంది. భువనేశ్వర్‌లో బాల్కనీలో ఉంది. ఇప్పుడు మేముంటున్న నాగపూర్‌లో అటక ఎక్కింది.

మా అమ్మ తెనాలిలో తమ్ముడి దగ్గర ఉంటుంది. నెలకోసారైనా అడిగేది, "మీ నాన్నగారి లెక్కల పుస్తకాలు తీశావా అబ్బాయ్?" అని. "క్లోజింగ్ అయ్యాక తీస్తానమ్మా" అనేవాణ్ని. ఏ క్లోజింగో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

ఆఫీసులో పరుగు, ఇంట్లో వాయిదా

మనం బద్ధకస్తులం కాము. ఆఫీసులో రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చుని పని ముగించే మనిషి ఇంటికొచ్చి పదిహేను నిమిషాల పనిని మూడేళ్లు ఎందుకు వాయిదా వేస్తాడు?

ఆఫీసులో మనల్ని నడిపించేది మన ఉత్సాహం ఒక్కటే కాదు. అక్కడ ఒక ఏర్పాటు ఉంది. ఉదాహరణకు ఒక అప్పు వాయిదా తప్పిందనుకోండి. ముప్పై రోజుల వరకు అది ‘ఎస్‌ఎంఏ-0’. ముప్పై దాటి అరవై దాకా ‘ఎస్‌ఎంఏ-1’. అరవై దాటి తొంభై దాకా ‘ఎస్‌ఎంఏ-2’. తొంభై దాటితే అది నిరర్థక ఆస్తి, అంటే ఎన్‌పీఏ. ఒక్కో మెట్టు దగ్గర ఒక జాబితా వస్తుంది, ఒక ఫోన్ వెళుతుంది, ఒకరు అడుగుతారు, ఒకరు జవాబు చెబుతారు. మనసు బాగున్నా బాగోలేకపోయినా పని కదులుతుంది.

ఇంట్లో ఆ ఏర్పాటు లేదు. కుళాయి కారడం మొదలై తొంభై రోజులైనా, తొమ్మిది వందల రోజులైనా ఏ జాబితాలోనూ రాదు. అందుకని ఇంటి పనులన్నింటినీ మనం ‘మూడ్’ మీద వదిలేస్తాం. "ఓపిక ఉన్నప్పుడు చేద్దాం, మనసు పుట్టినప్పుడు చేద్దాం" అంటాం. ఆఫీసు ఓపికంతా పీల్చేసిన తర్వాత ఆదివారం మధ్యాహ్నం మనసు పుట్టేది నిద్ర మీదే.

ఫ్రిజ్ మీద టార్గెట్లు

ఈ సంగతి అర్థమయ్యాక మొదట నేను చేసింది పెద్ద పొరపాటు. ఇంట్లో లేనిది ఏర్పాటే కదా అని, బ్రాంచిలో ఉన్నదాన్నే ఇంటికి తెచ్చాను. నిరుడు జనవరిలో ఒక ఎక్సెల్ షీటు తయారుచేసి ఫ్రిజ్ మీద అంటించాను. పద్దెనిమిది పనులు, బాధ్యుల పేర్లు, గడువు తేదీలు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు. ఆదివారం ఉదయం సమీక్ష.

రెండో వారానికి తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నన్ను ‘రీజినల్ మేనేజర్ గారూ’ అని పిలవడం మొదలుపెట్టింది. మూడో వారానికి షీటంతా ఎర్రబడింది. మా ఆవిడ ఆ కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టి, "ఇల్లు మీ బ్రాంచి కాదండీ. ఇక్కడ మాకెవరికీ ఇంక్రిమెంట్లు లేవు" అంది.

అప్పుడు నాకు నేను చదివిన చదువు గుర్తొచ్చింది. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1968లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రేరణ మీద ఒక వ్యాసం రాశాడు. మేనేజ్‌మెంట్ విద్యార్థులందరూ చదివేదే. వెనకనుంచి తోస్తే మనిషి కదులుతాడు తప్ప అది ప్రేరణ కాదని ఆయన వాదన. మనిషి బ్యాటరీని బయటినుంచి ఎన్నిసార్లయినా ఛార్జి చేయవచ్చు. ఎవరికి వారికి సొంత జనరేటరు ఉన్నప్పుడే దాన్ని ప్రేరణ అనాలి అంటాడు. ఇంట్లోవాళ్లని నేను తోస్తున్నాను. అందుకే నేను తోసినంతసేపే వాళ్లు కదిలారు.

మరి సొంత జనరేటరు ఎలా తిరుగుతుంది? దానికి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ కాక మా అమ్మాయి దగ్గర దొరికింది.

తాడు విప్పితే చాలు

నిరుడు జూలైలో ఒక ఆదివారం. బయట ఆగకుండా వాన. అమ్మ ఫోన్ చేసింది. మామూలు మాటలయ్యాక ఆవిడ పెట్టె సంగతి ఎత్తలేదు. నాకే ఉండబట్టక, "నాన్నగారి పుస్తకాలు ఇంకా తీయలేదమ్మా" అన్నాను. "పోనీలే నాన్నా, ఇప్పుడు తీసినా నేను చదవలేనుగా" అంది. అమ్మకు గ్లకోమా. చుక్కల మందు వేసుకుంటూనే ఉంది కానీ, పోయిన చూపు తిరిగి రాదు. ఏడాదిగా అక్షరాలు ఆనడం లేదని తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. ఆ మాటను, పెట్టెను నేను ఎప్పుడూ కలిపి ఆలోచించలేదు.

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. "ఆ పెట్టె సర్దాలంటే ఒక రోజంతా పడుతుందే" అన్నాను. మా అమ్మాయి, "సర్దొద్దు నాన్నా. తాడు విప్పు చాలు" అంది.

స్టూలు వేసుకుని పెట్టె దింపి, హాల్లో చాప మీద పెట్టి, తాడు విప్పాను. అంతవరకే అనుకున్నాను. ఇంకేం కావాలి? విప్పాక మూత తెరవకుండా ఉండలేం. తెరిచాక పైనున్న కాగితం చూడకుండా ఉండలేం. మధ్యాహ్నం భోజనాల వేళకు చాప నిండా కాగితాలు.

ఆ రోజు నాకు తెలిసింది ఇది. మనసు పుడితే పని మొదలుపెడదాం అనుకుంటాం కానీ, చాలా పనుల్లో పని మొదలుపెట్టాకే మనసు పుడుతుంది. మొదలుపెట్టడానికి ఉత్సాహం అక్కర్లేనంత చిన్నగా ఆ మొదటి అడుగు ఉండాలి. ‘పెట్టె సర్దడం’ అనేది పని కాదు, అది ఇరవై పనుల మూట. ‘తాడు విప్పడం’ పని. ‘కుళాయి బాగుచేయించడం’ అనుకుంటే ప్లంబరును వెతకడం, బేరమాడడం, సెలవు పెట్టడం అన్నీ కళ్ల ముందుకొస్తాయి. ‘కుళాయి విప్పి లోపలి వాషరు జేబులో వేసుకోవడం’ అనుకుంటే సాయంత్రం కూరగాయలకు వెళ్లినప్పుడు హార్డ్‌వేరు దుకాణంలో చూపించి అలాంటిదే ఇంకొకటి తెచ్చుకుంటాం. మా కుళాయి నిజంగా అలాగే ఆగింది. పది రూపాయల వాషరు, పదిహేను నిమిషాల పని.

పెట్టెలో ఏముంది

పెట్టెలో మూడు రకాల వస్తువులు దొరికాయి. మూడూ మూడు పాఠాలు చెప్పాయి.

మొదటిది ఒక పాస్‌బుక్కు. వేరే బ్యాంకులో నాన్నగారి పొదుపు ఖాతా. చివరి లావాదేవీ 2016 ఆగస్టులో. నిల్వ పదకొండు వేల చిల్లర. రోజూ కౌంటరు ముందు కూర్చున్న ఖాతాదారులకు నామినేషన్ గురించి చెప్పే నేను, సొంత తండ్రి ఖాతా ఉందని కూడా తెలుసుకోలేదు. మన కుటుంబ సభ్యుల కోసం ఒక మాట చెబుతాను. రెండేళ్లపాటు ఖాతాదారు వైపు నుంచి లావాదేవీలు లేని పొదుపు ఖాతా నిష్క్రియ ఖాతా అవుతుంది. పదేళ్లు అలాగే ఉండిపోతే ఆ సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి బదిలీ చేస్తాయి. ఈ నిధి 2014లో ఏర్పడింది. బదిలీ అయినా సొమ్ము పోదు. ఖాతాదారు గాని వారసులు గాని ఆ బ్యాంకునే అడిగి తీసుకోవచ్చు. ఇలాంటి ఖాతాలను వెతకడానికి 2023లో రిజర్వు బ్యాంకు ‘ఉద్గమ్’ అనే పోర్టల్ కూడా ప్రారంభించింది. మా విషయంలో పదేళ్లకు ఇంకా ఏడాది ఉంది. నామినీగా అమ్మ పేరే ఉంది కాబట్టి మరణ ధ్రువపత్రం, గుర్తింపు పత్రాలతో పని సులువుగానే అయింది.

రెండోవి నాన్నగారి లెక్కల పుస్తకాలు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో మాస్టారు. పంతొమ్మిది నోటు పుస్తకాలు. పాలు, వంకాయలు, బడి ఫీజు, రిక్షా, మా తమ్ముడికి జ్వరం మందు. లెక్క పక్కన అక్కడక్కడా ఒక ముక్క: ‘పెద్దవాడికి సైకిలు. రాత్రి నిద్రపోలేదు వాడు.’

మూడోవి మా ఆవిడవి. ఎం.ఏ. దూరవిద్య మొదటి సంవత్సరం పుస్తకాలు. రాజమండ్రిలో ఉండగా కట్టిన ఫీజు రసీదు అట్ట లోపల అలాగే ఉంది. పుస్తకంలో సగం దాకా పెన్సిలు గీతలున్నాయి. ఆ తర్వాత లేవు. గీతలు ఆగినచోట మాకు బదిలీ అయింది. ఆ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో తీరిపోయింది.

ఆవిడ ఆ పుస్తకాల దుమ్ము తుడిచి పక్కన పెట్టింది. ఏమీ అనలేదు. రాత్రి అంట్లు తోముతూ మాత్రం అంది, "మీ క్లోజింగ్ మీ ఒక్కరి పనులనే ఆపదండీ."

ఎప్పుడు, ఎక్కడ

ఆ రాత్రి మేం ముగ్గురం కూర్చుని ఎక్సెల్ షీటు లేకుండా మాట్లాడుకున్నాం. ఒక్కొక్కరికీ ఒక్క పని. ఎవరి పని వారే ఎంచుకోవాలి. నేను ప్రతి ఆదివారం అమ్మకు నాన్నగారి పుస్తకం చదివి వినిపించడం. మా ఆవిడ చదువు మళ్లీ మొదలుపెట్టడం. మా అమ్మాయి తన బల్ల సొరుగు ఖాళీ చేయడం. దానికి అదే హిమాలయమని తనే చెప్పింది.

ఇక్కడ చదువు కొంత పనికొచ్చింది. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఒక ప్రయోగం చేశాడు. క్రిస్మస్ పండుగను ఎలా జరుపుకున్నారో రాసి పంపమని విద్యార్థులను కోరాడు. కొందరిని మాత్రం ఆ రాతపని ఎప్పుడు, ఎక్కడ కూర్చుని చేస్తారో ముందే రాసిమ్మన్నాడు. అలా రాసిచ్చిన వారిలో మూడింట రెండు వంతులకు పైగా అనుకున్న గడువులో పూర్తిచేశారు. రాసివ్వని వారిలో పూర్తిచేసింది దాదాపు మూడో వంతు మంది మాత్రమే. అందరికీ చేయాలనే ఉంది. తేడా అంతా ఎప్పుడు, ఎక్కడ అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఉండడంలోనే.

‘వీలు చూసుకుని చదువుతాను’ అంటే ఆ వీలు రాదు. మా ఆవిడ ఇలా పెట్టుకుంది: ‘మధ్యాహ్నం భోజనం గిన్నెలు సర్ది, గ్యాసు గట్టు తుడవగానే, కిటికీ పక్క బల్ల దగ్గర, అరగంట.’ గట్టు తుడవడమే గంట కొట్టినట్టు. నాది: ‘ఆదివారం టిఫిన్ అయి కాఫీ గ్లాసు కింద పెట్టగానే అమ్మకు ఫోన్, రెండు పేజీలు.’

తర్వాత నాన్నగారి పుస్తకాలు చదువుతుంటే గమనించాను. ఆయనదీ ఇదే పద్ధతి. ఉదయం రేడియోలో ప్రాంతీయ వార్తలు అయిపోగానే ముందురోజు ఖర్చు రాసేవారు. చిన్నప్పుడు రోజూ చూసిన దృశ్యమే. అది క్రమశిక్షణ అనుకునేవాణ్ని. నిజానికి ఆయన రోజూ కొత్తగా ప్రేరణ తెచ్చుకోలేదు. వార్తలు అయ్యాయి, పెన్ను తీశారు. అంతే.

ఒక వాయిదా తప్పితే

నడక సంగతి కూడా చెప్పాలి. మనలో నలభై దాటిన చాలామందిలాగే నాకూ చక్కెర హద్దు మీద ఉందని డాక్టరుగారు చెప్పారు. ప్రతి జనవరిలో నడక మొదలుపెట్టడం, క్వార్టర్ ఎండింగ్‌కి నాలుగు రోజులు మానడం, "ఇంక పోయింది" అని పూర్తిగా వదిలేయడం నాకు అలవాటు.

అలవాటు పడడానికి ఇరవై ఒక్క రోజులు చాలని మనం వింటుంటాం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందిని పన్నెండు వారాలు గమనించారు. పని దానంతట అదే జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. నాకు నచ్చిన విషయం ఇంకొకటి. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు పడడానికి పెద్దగా అడ్డం రాలేదు.

ఇది బ్యాంకువాళ్లకు ఇట్టే అర్థం కావాలి. రికరింగ్ డిపాజిట్‌లో ఒక నెల వాయిదా తప్పిందని ఎవరూ ఖాతా మూసేసి ఇంటికి పోరు. మరుసటి నెల వచ్చి కడతారు. నడకనూ అలాగే చూడడం నేర్చుకున్నాను. డిసెంబరు చివర్లో ఐదు రోజులు వెళ్లలేదు. ఆరో రోజు వెళ్లాను. గతంలో నాకు తెలియనిది ఆ ఆరో రోజే.

కాలెండరు మీద గుర్తులు

మన ఇళ్లలో వంటింటి గోడకు తెలుగు కాలెండరు ఉంటుంది. పాలు ఎన్ని పోయించుకున్నామో, గ్యాసు బండ ఎప్పుడు మార్చామో దాని మీదే రాస్తాం. నా ఎక్సెల్ షీటు చేయలేని పని ఆ కాలెండరు చేసింది. మా ఆవిడ చదివిన రోజు ఆ గడిలో ఒక చుక్క పెడుతుంది. ఎవరూ అడగరు, ఎవరూ సమీక్షించరు.

2006లో అమెరికాలో నూన్స్, డ్రేజ్ అనే ఇద్దరు పరిశోధకులు కార్లు కడిగే చోట ఒక ప్రయోగం చేశారు. ఎనిమిదిసార్లు కడిగించుకుంటే ఒకసారి ఉచితం అని కార్డులిచ్చారు. సగం మందికి ఎనిమిది గడుల కార్డు. మిగతా సగం మందికి పది గడుల కార్డు, అయితే రెండు గడులకు ముందే ముద్ర వేసి ఇచ్చారు. ఇద్దరూ కడిగించుకోవాల్సింది ఎనిమిదిసార్లే. కానీ మొదటివారిలో కార్డు పూర్తిచేసింది 19 శాతం, రెండోవారిలో 34 శాతం. ఇప్పటికే కొంత దూరం వచ్చామని కనిపిస్తే కాళ్లు ఆగవన్నమాట.

మా ఆవిడ "మళ్లీ మొదటినుంచి చదవాలి" అని దిగులుపడుతుంటే, మా అమ్మాయి పాత పుస్తకంలో పెన్సిలు గీతలున్న పేజీలు లెక్కపెట్టి, "నూట నలభై పేజీలు నీకు వచ్చేశాయి కదమ్మా" అంది. సిలబస్ కొంత మారింది. అయినా ఆ మాట పనిచేసింది.

అందుకే ఏ పని మొదలుపెట్టినా చేయాల్సినవాటితో పాటు ఇప్పటికే అయినవి కూడా రాసుకోండి.

గంట పని, మూడు ఆదివారాలు

నాగపూర్‌లో ఎండాకాలం కూలరు లేకుండా గడవదు. మే నెలలో వేడి నలభై అయిదు డిగ్రీలు తాకడం ఇక్కడ మామూలే. అందుకని ఏటా ఎండలు ముదరకముందే కూలరు దించి, పాత గడ్డి ప్యాడ్లు తీసి కొత్తవి వేయాలి. మొదటి ఏడాది "గంట పని" అని ఏప్రిల్ దాకా ఆగాను. విప్పితే పంపు పట్టేసింది. అది మార్చేసరికి తొట్టె అడుగున తుప్పు కనిపించింది. తుప్పు గీకి, రంగు వేసి, ఆరబెట్టేసరికి మూడు ఆదివారాలు. ఆ మూడు వారాలు ఇంటిల్లిపాదీ ఉడికిపోయాం.

మన పనికి మనం వేసుకునే అంచనా ఎప్పుడూ తక్కువగానే ఉంటుందని డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్స్కీ 1979లోనే చెప్పారు. 1994లో కెనడాలో విద్యార్థులను పరిశోధనా వ్యాసం ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులు. అప్పు ఇచ్చేటప్పుడు ఖాతాదారు అంచనాలను మనం ఎంత అనుమానంగా చూస్తామో, మన ఆదివారం అంచనాలనూ అలాగే చూడాలి. నేను ఇప్పుడు ఏ ఇంటి పనికైనా అనుకున్నదానికి సగం కలుపుతాను. లేకపోతే పని అవ్వకపోవడం కంటే ముందు మనమీద మనకు నమ్మకం పోతుంది.

రైట్ ఆఫ్ చేయాల్సినవి

పద్దెనిమిది పనుల జాబితాలో చివరికి మిగిలినవి ఏడు. మిగతావాటిలో కొన్ని అయ్యాయి, కొన్నింటిని కొట్టేశాం. గిటారు నేర్చుకోవాలని నేను కొన్నది పదకొండేళ్లుగా గోడకు వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా కొద్దిగా సిగ్గుపడడం తప్ప ఇంకేం లేదు. మా పక్క ఫ్లాటు అబ్బాయికి ఇచ్చేశాను. ఇప్పుడు సాయంత్రాలు గోడ అవతలి నుంచి వినిపిస్తోంది, అపశ్రుతులతో సహా.

బ్యాంకులో అప్పును రైట్ ఆఫ్ చేసినా వసూలు ప్రయత్నం ఆగదు. ఇంట్లో మాత్రం రైట్ ఆఫ్ అంటే నిజంగా మాఫీయే కావాలి. చేయని పనులన్నీ మనసులో ఒక మూల బరువుగా కూర్చుని, చేయగలిగిన పనులకు కూడా ఓపిక లేకుండా చేస్తాయి. ఏది వదిలేయాలో తేల్చుకోవడం కూడా ఒక పని పూర్తిచేయడమే.

గుర్తుచేయడం కూడా పనే

ఇంకో మాట చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. నేను ఉద్యోగం చేసే మగవాణ్ని. ‘నాకు ఇంటి పనులకు మోటివేషన్ లేదు’ అని నేను అనగలిగాను. మా ఆవిడకు రోజూ అన్నం వండడానికి మోటివేషన్ ఉందా అని ఎవరూ అడగలేదు. ఆ పని వాయిదా వేసే వీలు ఆవిడకు లేదు. పైగా నా పనులు నాకు గుర్తుచేసే పని కూడా ఆవిడదే. "మీకు చెప్పీ చెప్పీ, ఆ చెప్పడమే నాకో పనైపోయింది" అని ఆవిడ అన్న మాట నేను చాలా ఆలస్యంగా విన్నాను.

మనవి బదిలీల బతుకులు. ప్రతి బదిలీకి మనకు ఒక కొత్త కుర్చీ దొరుకుతుంది. మన జీవిత భాగస్వామి మాత్రం ఎన్నోసార్లు ఉద్యోగమో, చదువో, స్నేహితులో వదిలి వస్తారు. అందుకని ప్రేరణ గురించి ఆలోచించేటప్పుడు ‘నాకు ఉత్సాహం ఎలా వస్తుంది’ అనే ప్రశ్నతో పాటు ‘ఇంకొకరికి ఆ అరగంట ఎక్కడినుంచి వస్తుంది’ అని కూడా అడగాలి. మా ఇంట్లో ఇప్పుడు రాత్రి అంట్లు నావి, ఆదివారం టిఫిను నాది. అందులో గొప్పేమీ లేదు. ఆవిడకు కావలసింది ఉపన్యాసం కాదు, సమయం. అది ఇచ్చాక ప్రేరణ ఆవిడే తెచ్చుకుంది.

ఎం.ఏ.కి మళ్లీ ఫీజు కట్టింది. పరీక్షలు ఇంకా రాయాలి. కాలెండరులో చుక్కలు లేని వారాలూ ఉన్నాయి. నా నడక ఇంకా అలవాటు అయిందని చెప్పలేను. మా అమ్మాయి సొరుగు మాత్రం ఖాళీ అయి, మళ్లీ నిండింది.

నాన్నగారి పుస్తకాల్లో ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. మూడేళ్ల క్రితం పెట్టె విప్పి ఉంటే అమ్మ ఆ అక్షరాలను తనే చూసుకునేది. ఆ మూడేళ్లు నేను తిరిగి ఇవ్వలేను. ఆదివారం కాఫీ గ్లాసు కింద పెట్టి ఫోన్ చేస్తే మొదటి రింగుకే తీస్తుంది. రెండు పేజీలు చదివి ఆపితే ఊరుకోదు. "తర్వాత ఏం రాశారురా మీ నాన్నగారు?" అంటుంది. ఇంకో పేజీ చదువుతాను.

ఈ సంచిక మీ చేతికి అందేసరికి మార్చి హడావుడి మొదలై ఉంటుంది. పెద్ద పనులేవీ ఇప్పుడు పెట్టుకోమని చెప్పను. మీ ఇంట్లో కూడా ‘తర్వాత’ అని రాసిన పెట్టె ఒకటి ఉండే ఉంటుంది, రాయకపోయినా. అది ఎవరి కోసం తెరవాలో ఒకసారి ఆలోచించండి. ఈ ఆదివారం టిఫిన్ అయ్యాక దాన్ని దింపి, తాడు ఒక్కటి విప్పండి. మిగతాది క్లోజింగ్ అయ్యాక చూద్దాం.